ఏడు కిట్లు పనిచేశాయి, సర్క్యూట్ మాత్రం ఇంకా అర్థం కావడం లేదు: ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏడాదిలో ఏడు ఎలక్ట్రానిక్స్ కిట్లు పూర్తి చేశారు. ఫ్లాషర్ (రెండు ఎల్ఈడీలు వంతులవారీగా వెలిగేది), చీకటి పడితే వెలిగే లైటు, 555 అనే టైమర్ చిప్‌తో సైరన్, క్లాప్ స్విచ్, ఇంకా ఏవో. అన్నీ పనిచేశాయి. కానీ కాగితం మీద కొత్త సర్క్యూట్ కనిపిస్తే తలాతోకా తెలియడం లేదు, సొంతంగా ఒక్కటి గీయాలంటే చెయ్యి కదలడం లేదు. ఇప్పుడు ఇంకా పెద్ద కిట్ కొనాలా, ప్రోగ్రామ్ రాసి నడిపే ఆర్డ్యునో బోర్డుకి మారిపోవాలా, లేక పుస్తకం పట్టుకుని మొదటి నుంచి చదవాలా?

ప్రస్తుతానికి మూడూ వద్దు. మీ దగ్గరున్న ఫ్లాషర్ కిట్‌నే మళ్లీ బయటికి తీయండి.

మీ తెలివిలో లోపమేమీ లేదు. కిట్ తయారయ్యేదే అలా. ఏ విలువ ఎక్కడ ఉండాలో ఎవరో ముందే లెక్క కట్టేశారు, మనం భాగాలు గుచ్చి, సోల్డర్ చేసి, సెల్ తగిలించాం. అందువల్ల మనకి వచ్చింది సోల్డరింగ్, రంగుల గీతలు చదవడం. అవి తక్కువ పనులేం కావు, రేపు చాలా ఉపయోగపడతాయి. కానీ ఎల్ఈడీ పక్కన ఉన్న రెసిస్టర్ 470 ఓమ్‌లే ఎందుకు అన్న ప్రశ్న కిట్ మనల్ని ఎప్పుడూ అడగదు. అది అడక్కపోతే మనమే అడగాలి.

ముందు ఆ 470 సంగతే చూద్దాం. ఎర్ర ఎల్ఈడీ వెలిగేటప్పుడు దాని మీద దాదాపు 2 వోల్టులు పడతాయి. సప్లై 6 వోల్టులైతే రెసిస్టర్ మీద మిగిలేది 4. నాలుగుని 470తో భాగిస్తే 8.5 మిల్లీఆంపియర్లు. కంటికి హాయిగా కనిపించే వెలుగు. అక్కడ 1 కిలో ఓమ్ పెడితే 4 మిల్లీఆంపియర్లు. కాస్త తగ్గుతుంది కానీ బాగానే వెలుగుతుంది. 100 ఓమ్‌లు పెడితే 40. మామూలు చిన్న ఎల్ఈడీకి 20 దాటించకూడదు కాబట్టి దాని ఆయుష్షు తీరుతుంది. నీలం, తెలుపు ఎల్ఈడీలైతే 2 బదులు 3 వోల్టుల లెక్క. అంతే. అంటే 470 అన్నది దైవాజ్ఞ కాదు. 390 అయినా, 680 అయినా పర్లేదు. ఏ విలువ దగ్గర స్వేచ్ఛ ఉందో, ఏది కచ్చితంగా ఉండాలో తెలియడమే సర్క్యూట్ అర్థమవడంలో సగం.

ఇక ఫ్లాషర్. రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు (మూడు కాళ్ల భాగం: బేస్‌లోకి వెళ్లే చిన్న కరెంట్, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి వెళ్లే పెద్ద కరెంట్‌ని నడిపిస్తుంది), రెండు ఎల్ఈడీలు, వాటికి 470 ఓమ్‌లవి రెండు, బేస్‌లకి 47 కిలో ఓమ్‌లవి రెండు, ఒకదాని కలెక్టర్ నుంచి రెండోదాని బేస్‌కి అడ్డంగా వెళ్లే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు. మీ కిట్‌లో విలువలు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు, అమరిక మాత్రం ఇదే. సోల్డర్ చేసిన బోర్డుని కదపకండి. దాన్ని పక్కన పెట్టుకుని, విడి భాగాలతో, సోల్డర్ లేకుండా గుచ్చే బ్రెడ్‌బోర్డ్ మీద ఇంకోటి కట్టండి. 9 వోల్టుల బ్యాటరీ వాడొద్దు, నాలుగు ఏఏ సెల్స్ పట్టే హోల్డర్ తీసుకోండి, 6 వోల్టులు వస్తాయి. ఆ చిన్న 9 వోల్టుల బ్యాటరీ కాస్త పాతబడితే లోడ్ పెట్టగానే వోల్టేజ్ జారిపోతుంది. తప్పు బ్యాటరీలో ఉంటే మనం సర్క్యూట్‌లో వెతుక్కుంటూ కూర్చుంటాం. ఇంకో కారణం కూడా ఉంది, కాసేపాగి చెప్తాను.

ఇప్పుడు రెండు కెపాసిటర్లూ తీసేసి 100 మైక్రోఫారడ్‌వి పెట్టండి. ప్లస్ కాలు కలెక్టర్ వైపు ఉండాలి. అంతా పదింతలు నెమ్మదిస్తుంది, ఒక్కో ఎల్ఈడీ దాదాపు మూడు సెకన్లు వెలిగి ఆరుతుంది. ఎందుకీ మార్పంటే, మల్టీమీటర్ కన్ను మందం. సెకనుకి రెండు మూడు అంకెలే చూపించగలదు. సర్క్యూట్‌ని దాని వేగానికి దించితే లోపల జరిగేది మనకి కనిపిస్తుంది. ఆసిలోస్కోప్ (వోల్టేజ్ మార్పులని తెర మీద గీతగా చూపే పరికరం) లేనివాళ్లకి ఇదే ఆసిలోస్కోప్.

మీటర్ నల్ల ప్రోబ్‌ని సెల్స్ మైనస్‌కి పెట్టి అక్కడే ఉంచండి. ఎర్ర ప్రోబ్‌ని ఒక ట్రాన్సిస్టర్ బేస్‌కి పెట్టబోయే ముందు ఆగండి. ఏ అంకె వస్తుందనుకుంటున్నారో కాగితం మీద రాయండి. ఈ మెట్టు దాటేయొద్దు, ఎందుకంటే రాయకుండా చూస్తే ఏ అంకె వచ్చినా "ఓహో, అవును" అనిపిస్తుంది. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: వెలిగినప్పుడు 0.7, ఆరినప్పుడు 0. నేనూ మొదట అలాగే రాశాను.

ఇప్పుడు ప్రోబ్ పెట్టండి. ఎల్ఈడీ వెలుగుతున్నంతసేపూ 0.65, 0.7 ఆ ప్రాంతంలో ఉంటుంది. అది ఆరిన క్షణంలో మీటర్ మైనస్ 3 చిల్లరకి దూకుతుంది. తర్వాత మైనస్ 2, మైనస్ 1, సున్నా, 0.4... మెల్లగా ఎక్కుతూ 0.6 దాటగానే ఎల్ఈడీ మళ్లీ వెలుగుతుంది.

సెల్స్ మైనస్ కంటే కిందకి వోల్టేజ్ ఎలా వెళ్లింది? సర్క్యూట్‌లో అన్నిటికంటే కింద ఉండేది అదే కదా!

కెపాసిటర్ తన రెండు కాళ్ల మధ్య ఉన్న వోల్టేజ్ తేడాని ఒక్క క్షణంలో మార్చుకోలేదు. ఫ్లాషర్ మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నడుస్తుంది. ఎదుటి ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని కలెక్టర్ దాదాపు 4.4 వోల్టుల దగ్గర ఉంటుంది (కరెంట్ పోకపోయినా ఎల్ఈడీ ఒకటిన్నర వోల్టు పైగా తన దగ్గర ఆపుతుంది). మీ బేస్ 0.7 దగ్గర ఉంది. తేడా 3.7. ఎదుటి ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే దాని కలెక్టర్ ఒక్కసారిగా 0.2కి పడిపోతుంది. తేడా మాత్రం 3.7గానే ఉండాలి. అందుకని రెండో కాలు 0.2లోంచి 3.7 తీసేసిన చోటికి, అంటే మైనస్ 3.5కి వెళ్లక తప్పదు. అక్కడి నుంచి 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దాన్ని నెమ్మదిగా పైకి లాగుతుంది. ఆ లాగడానికి పట్టే సమయమే మీ ఎల్ఈడీ ఆరి ఉండే సమయం.

9 వోల్టులు వద్దన్నదానికి రెండో కారణం ఇక్కడుంది. 9తో ఇదే లెక్క వేస్తే బేస్ మైనస్ 6.5 దాకా దిగుతుంది. బీసీ547 డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరిస్తే బేస్-ఎమిటర్ మధ్య రివర్స్‌లో 6 వోల్టులే హద్దు అని ఉంటుంది. కిట్ వెంటనే పాడైపోదు, చాలా ఫ్లాషర్లు ఈ గీత దాటే పనిచేస్తుంటాయి. కానీ అది మంచి అలవాటు కాదు. ఇంతకీ మీరు ఇప్పటిదాకా ఒక్క డేటాషీట్ అయినా తెరిచారా? తెరవకపోతే బీసీ547తోనే మొదలెట్టండి. అందులో మూడొంతులు అర్థం కాదు, ఫర్వాలేదు. కాళ్ల వరస, గరిష్ఠ వోల్టేజ్, గరిష్ఠ కరెంట్, గెయిన్ (బేస్ కరెంట్‌కి కలెక్టర్ కరెంట్ ఎన్ని రెట్లో), ఈ నాలుగు చూసి మూసేయండి.

ఫార్ములా సంగతి. ఒక్కో పక్క సమయం 0.69 × ఆర్ × సీ అని రాసి ఉంటుంది. 47 కిలో ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్‌లకి అది 3.2 సెకన్లు. గడియారం పెట్టి కొలిస్తే మీకు 2.7 లాంటిది రావొచ్చు. కలెక్టర్ పూర్తిగా సప్లై దాకా ఎక్కుతుందన్న ఊహతో వచ్చిన ఫార్ములా అది, మీ సర్క్యూట్‌లో ఎల్ఈడీ ఒకటిన్నర వోల్టు తినేసింది. దానికితోడు మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ విలువ 20 శాతం అటూ ఇటూ ఉండటం సహజం. కాబట్టి ఇక్కడ మూడో దశాంశం దాకా లెక్క వేయడం దండగ.

ఇప్పుడు పాడు చేయడం మొదలెట్టండి. ఒక పక్క కెపాసిటర్ మాత్రం 10కి మార్చండి, ఏ ఎల్ఈడీ తక్కువసేపు ఆరి ఉంటుందో ముందే చెప్పండి. ఒక 47 కిలో ఓమ్‌ల బదులు 10 కిలో ఓమ్‌లకి వరసలో ఎల్‌డీఆర్ (వెలుతురు పెరిగితే విలువ తగ్గే రెసిస్టర్) పెట్టండి, చెయ్యి అడ్డుపెడితే వేగం మారుతుంది. ఆ తర్వాత 47 కిలోల రెండింటి స్థానంలో 1 మెగా ఓమ్‌వి పెట్టి చూడండి. ఇరవై రెట్లు నెమ్మదిస్తుందని రాస్తారు. నెమ్మదిస్తుంది నిజమే, కానీ ఎల్ఈడీ కూడా మసకబారుతుంది. వేగం కోసం మార్చిన రెసిస్టర్ వెలుగు మీద ఎందుకు పడింది? ఆ రెసిస్టర్ ఒకటి కాదు, రెండు పనులు చేస్తోంది. కెపాసిటర్‌ని పైకి లాగేదీ అదే, బేస్‌కి కరెంట్ ఇచ్చేదీ అదే. 1 మెగా ఓమ్ గుండా వెళ్లేది 5 మైక్రోఆంపియర్లు. ట్రాన్సిస్టర్ గెయిన్ 300 అనుకున్నా కలెక్టర్‌లో వచ్చేది 1.5 మిల్లీఆంపియర్లే, 8 కావాల్సిన చోట.

నేను ట్రాన్సిస్టర్ నిజంగా నేర్చుకున్నది ఇక్కడే. 555 చిప్ ఎందుకు అంత పాపులర్ అయిందో కూడా ఇప్పుడే తెలుస్తుంది. హాన్స్ కామెన్‌జిండ్ దాన్ని 1971లో డిజైన్ చేశాడు, సిగ్నెటిక్స్ 1972లో మార్కెట్‌లోకి తెచ్చింది. లోపల మూడు సమానమైన రెసిస్టర్లు సప్లైని మూడు భాగాలు చేస్తాయి; బయట కెపాసిటర్ మూడింట ఒక వంతు, రెండు వంతుల గీతల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. సప్లై తగ్గితే గీతలూ దాంతోపాటే తగ్గుతాయి కాబట్టి సమయం పెద్దగా మారదు. పైగా సమయం చూసే భాగం వేరు, అవుట్‌పుట్ నడిపే భాగం వేరు. మీ సైరన్ కిట్‌ని ఈ కళ్లతో మళ్లీ చూడండి. 1 కిలో ఓమ్, 68 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ పెడితే సుమారు సెకనుకి ఒక మెరుపు. ఆ నెమ్మది వేగంలో కెపాసిటర్ మీద మీటర్ పెట్టి, 6 వోల్టుల సప్లైకి అది 2, 4 మధ్య ఊగుతోందో లేదో మీరే చూసుకోండి.

మీ కిట్లన్నీ మొదటిసారికే పనిచేశాయన్నారు కదా, నిజం చెప్పాలంటే అది మీకు కలిసిరాని అదృష్టం. నా రెండో కిట్ చీకటి లైటు. ఒక ట్రాన్సిస్టర్, ప్లస్ నుంచి బేస్‌కి 100 కిలో ఓమ్‌లు, బేస్ నుంచి మైనస్‌కి ఎల్‌డీఆర్. చెయ్యి అడ్డుపెడితే ఎల్ఈడీ వెలిగింది, కానీ మిణుకుమంటూ. చీకట్లో తప్ప కనిపించనంత మసక. పనిచేస్తోందిలే, ఎల్ఈడీ బాగాలేదేమో అనుకుని ఎల్ఈడీ మార్చాను. తర్వాత సెల్స్ మార్చాను. తర్వాత ఎల్‌డీఆర్ మార్చాను. మూడు సాయంత్రాలు పోయాయి. అసలు పనిచేయని సర్క్యూట్ కంటే సగం పనిచేసేదే మనిషిని ఎక్కువ ఏడిపిస్తుంది.

చివరికి మీటర్ పెట్టాను. బేస్ దగ్గర 0.65, అంటే బేస్‌కి కరెంట్ అందుతోంది. కలెక్టర్ దగ్గర 4 వోల్టులు. ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అయితే అక్కడ 0.2కి మించకూడదు. తప్పు ట్రాన్సిస్టర్‌లోనే ఉందని ఆ రెండు అంకెలూ చెప్పేశాయి. చూస్తే, బీసీ547 దొరక్క నేను పెట్టింది 2ఎన్3904. చదునైన ముఖం మన వైపు పెట్టి ఎడమ నుంచి చదివితే బీసీ547 కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904వి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఆకారం ఒకటే, వరస తలకిందులు. తిరగేసి పెట్టినా ట్రాన్సిస్టర్ పనిచేస్తుంది, కాకపోతే గెయిన్ వందల్లో ఉండాల్సింది వేళ్ల మీద లెక్కపెట్టేంతకి పడిపోతుంది. తీసి తిప్పి పెట్టగానే గదంతా ఎర్రగా వెలిగినట్టనిపించింది. మూడు సాయంత్రాల పని, ప్రోబ్ ముందే పెట్టి ఉంటే మూడు నిమిషాలు.

అప్పటి నుంచి ఏ సర్క్యూట్ మొరాయించినా నా వరస ఇదే. ముందు సప్లై వోల్టేజ్ చిప్ కాళ్ల దగ్గరికి చేరిందా అని, సెల్స్ దగ్గర కాదు. తర్వాత నల్ల ప్రోబ్ మైనస్‌కి కట్టేసి, ఎర్ర ప్రోబ్‌తో సప్లై నుంచి అవుట్‌పుట్ దాకా ఒక్కో బిందువూ నడుచుకుంటూ వెళ్లడం. ప్రతి చోటా ఎంత ఉండాలో ముందు అనుకుని, తర్వాత చూడటం. అనుకున్నదీ చూసిందీ ఎక్కడ విడిపోయాయో తప్పు అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. భాగాలు ఒకటొకటిగా మార్చుకుంటూ పోవడం కొలవడానికి బద్ధకించే వాళ్ల పద్ధతి. నేను చాలాకాలం ఆ బాపతే.

సామాన్ల విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. మామూలు డిజిటల్ మీటర్ చాలు, కంటిన్యుటీ బీప్ (రెండు చోట్లు కలిసి ఉంటే మోగేది) ఉంటే బాగు. మీటర్‌ని కరెంట్ రేంజ్‌లో ఉంచి పొరపాటున సెల్స్ రెండు కొసలకీ పెట్టకండి, ఫ్యూజ్ పోతుంది. కరెంట్ తెలియాలంటే రెసిస్టర్ మీద వోల్టేజ్ కొలిచి భాగించుకోవడమే తేలిక. బ్రెడ్‌బోర్డ్ కొన్నిట్లో అంచున ఉండే సప్లై లైన్ మధ్యలో తెగి ఉంటుంది, కొత్తవాళ్లని ఇది భలే తిప్పలు పెడుతుంది. బీప్ పెట్టి ఒకసారి చూసుకోండి. రెసిస్టర్‌ని గుచ్చే ముందు మీటర్‌తో కొలవండి. పసుపు దీపం కింద ఎరుపు గీతా నారింజ గీతా ఒకేలా కనిపిస్తాయి, 1 కిలో అనుకున్నది 10 కిలో అవుతుంది. చిప్ ఉన్న ప్రతి సర్క్యూట్‌లో దాని సప్లై కాళ్లకి ఆనుకుని 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్ ఒకటి పెట్టండి, 0.1 మైక్రోఫారడ్. కిట్‌లో లేకపోయినా సరే.

సోల్డరింగ్ మీకు వచ్చేసింది కాబట్టి ఒక్క మాట. జాయింట్ బంతిలా ఉబ్బి, మసకగా ఉంటే వేడి సరిపోలేదని అర్థం. ఐరన్ కొనతో కాలినీ ప్యాడ్‌నీ రెండింటినీ ఒకేసారి వేడి చేసి, సోల్డర్‌ని ఐరన్‌కి కాకుండా జాయింట్‌కి అందించాలి. 63/37 సీసం సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం లేనిది 217 దాటాలి. అందుకే రెండోది మొదట్లో చికాకు పెడుతుంది. సీసం వాడితే పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, కిటికీ తెరిచి ఉంచండి.

కొత్త కిట్ ఎప్పుడు కొనొచ్చు? కొనొచ్చు, కానీ పెట్టె మీద "100 ప్రయోగాలు" అన్న అంకె చూసి కాదు. కూడా వచ్చే కాగితంలో అసలు స్కీమాటిక్ (గుర్తులతో గీసిన సర్క్యూట్ పటం) ఉందా, సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో ఒక్క పేజీ అయినా రాశారా అన్నది చూడండి. 1947లో ఆసిలోస్కోప్‌నే కిట్‌గా అమ్మిన అమెరికా కంపెనీ హీత్‌కిట్ పేరు పెద్దవాళ్లు ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారంటే ఆ మాన్యువల్స్ వల్లే. ఏ భాగం ఏం చేస్తుందో అందులో విడమరిచి ఉండేది. భాగాలకి గుర్తులే లేకుండా రంగు బొమ్మలు మాత్రం ఇచ్చే కిట్ పిల్లలకి సరదా, మీ దశలో మాత్రం ఉపయోగం తక్కువ.

ఆర్డ్యునో గురించి నాకు వ్యతిరేకత లేదు. కాకపోతే ఇప్పుడే అటు వెళితే మీ సమస్య అక్కడ దాక్కుంటుంది, పోదు. మెరుపు వేగం మార్చాలంటే ప్రోగ్రామ్‌లో అంకె మారిస్తే చాలు, కెపాసిటర్ అక్కర్లేదు. మూడో వారంలో ఒక రిలే (కాయిల్‌తో పనిచేసే స్విచ్) నడపాల్సి వస్తుంది. బోర్డు మీది ఏటీమెగా328పీ చిప్ కాలు నుంచి 20 మిల్లీఆంపియర్లు తీసుకోవడం క్షేమం, 40 ఆఖరి హద్దు. చిన్న 5 వోల్టుల రిలే కాయిల్‌కి 70 కావాలి. మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టాలి, దాని బేస్ రెసిస్టర్ ఎంతో లెక్క కట్టాలి, కాయిల్‌కి అడ్డంగా డయోడ్ తిరగేసి పెట్టాలి, లేకపోతే కాయిల్ ఆపిన క్షణంలో ఎగిసే వోల్టేజ్ ట్రాన్సిస్టర్‌ని బలి తీసుకుంటుంది. ఫ్లాషర్‌ని పైన చెప్పినట్టు నమిలి మింగిన వాళ్లకి ఇది పావుగంట పని. కాబట్టి ఒకటి రెండు నెలలాగి ఆర్డ్యునో తీసుకోండి.

కరెంటు ప్లగ్గులో నేరుగా పెట్టే కిట్ల జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్స్ నుంచి సప్లై తీసే సర్క్యూట్లలో ప్రతి బిందువూ షాక్ కొట్టగలదు. పాత కెమెరా ఫ్లాష్ విప్పి భాగాలు తీసుకుందామనీ అనుకోవద్దు, లోపలి కెపాసిటర్‌లో సెల్ తీసేసిన చాలాసేపటి తర్వాత కూడా 300 వోల్టుల దాకా ఉండొచ్చు.

ఫ్లాషర్ అయ్యాక చీకటి లైటు, ఆ తర్వాత సైరన్, అదే పద్ధతిలో. ఒక్కోదానికి వారం పట్టినా కంగారు లేదు. మూడూ అయ్యాక కిట్ కాగితం చూడకుండా ఫ్లాషర్ స్కీమాటిక్ గీసి, విలువలు మీరే ఎంచుకుని, 3 వోల్టులకి పనిచేసేలా కట్టి చూడండి. ఎక్కడైనా ఆగిపోతే రెండు బేస్‌లు, రెండు కలెక్టర్ల దగ్గర ఎంతెంత ఉందో, మీరు ఎంత ఉంటుందనుకున్నారో రెండూ పక్కపక్కన రాసి పెట్టండి. "పనిచేయట్లేదు" అని రాస్తే నేను కూడా భాగాలు మార్చి చూడమనాల్సి వస్తుంది.